మధ్యలో మోసేదెవరు?

నార్కట్‌పల్లిలో ఇచ్చిన స్మారక ఉపన్యాసం



ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూడామో ఆయన పేరు నా వెనక బ్యానర్ మీద పెద్దక్షరాల్లో ఉంది. బతికున్నన్నాళ్ళూ మేమెవరం ఆయన్ని పేరు పెట్టి అనలేదు, సారు అనే అన్నాం. ఇవాళ కూడా నా నోటికి ఆ మాటే వస్తుంది. సారు ఐటీఐ పిల్లలకు ఫిట్టరు పని నేర్పారు. పిల్లల్ని ఫ్యాక్టరీ చూపించడానికి తీసుకుపోయినప్పుడు గేటు దగ్గర నిలబెట్టి, "మిషన్లను తర్వాత చూద్దురు గానీ, ముందు మిషనుకూ మిషనుకూ మధ్య ఏం నడుస్తోందో చూడండిరా" అనేవారు. అప్పట్లో మాకు అది చాదస్తంలా ఉండేది. టూల్ డిజైన్‌లో బతుకంతా గడిపిన తర్వాత, ఇవాళ్టి ఉపన్యాసానికి విషయం వెతుక్కోవలసి వస్తే నాకు దొరికింది ఆ మధ్యలో జరిగేదే.

ఇనుప ముక్కకు బెజ్జం వేయడం, దాన్ని చెక్కడం, వంచడం మనిషికి ఎప్పుడో తెలుసు. ఒక యంత్రం మీద నుంచి ఆ ముక్కను తీసి, పక్క యంత్రం మీద సరిగ్గా అదే చోట, అదే వాటంలో, రోజుకు వేలసార్లు పెట్టడం ఎట్లాగన్నదే అసలు చిక్కు. ఆటోమేటిక్ ప్రొడక్షన్ లైన్ అని మనం గొప్పగా చెప్పుకునే దాంట్లో తెలివంతా ఈ అందించడంలో ఉంది. మన జిల్లాలో ఆ అందించే పని ఎన్నాళ్ళుగానో ఎవరి చేతుల మీద, ఎవరి వీపుల మీద నడుస్తోందో చూస్తే, ఏ పనికి యంత్రం వచ్చింది, ఏ పనికి రాలేదు, ఎందుకు రాలేదు అన్నది తేటపడుతుంది. ఈ పూట నేను చెప్పదలచుకున్నది అదే.

ముందు ఆసు దగ్గర మొదలుపెడతాను. పుట్టపాక, పోచంపల్లి, ఆలేరు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు, తప్పు చెబితే ఆపండి. చిట్కి చీరకు రంగు ముందే నూలుకు పడుతుంది, నేత తర్వాత. పేకలో బొమ్మ రావాలంటే ఏ పోగు చీరలో ఎక్కడ పడుతుందో ముందే తెలియాలి. అందుకని పట్టుదారాన్ని ఒక అర్ధచంద్రాకారపు చట్రం మీద పోస్తారు. మధ్యలో ఒక మేకు, ఎదురుగా వంపు పొడవునా వరసగా మేకులు. మధ్య మేకు నుంచి వంపు మీది మేకు దాకా ఉన్న దూరం చీర పన్నాను బట్టి ఉంటుంది. దారాన్ని మధ్య మేకు నుంచి తీసుకుపోయి ఎదుటి మేకుకు తిప్పి, మళ్ళీ మధ్యకు తేవాలి. ఒక మేకు మీద పడవలసిన చుట్లు పడ్డాక పక్క మేకుకు జరగాలి. అట్లా వంపంతా నిండితే ఆసు అయినట్టు. తర్వాత గ్రాఫు చూసి, రంగు అంటకూడని చోట కట్లు కట్టి, అద్దకం చేసి, ఆ దారాన్ని అదే వరసలో విప్పి కండెలకు ఎక్కిస్తారు.

అదే వరసలో అన్నమాట దగ్గర కాస్త ఆగాలి. ఆసు పోసే ఆమె ఒక మేకు మీద ఒక చుట్టు తప్పిందనుకోండి, దాని వెనక వచ్చే పోగులన్నీ ఒక చుట్టు పక్కకు జరుగుతాయి. మగ్గం మీదకు పోయాక చిలక ముక్కు చిలక మీద పడదు. అంటే ఆసు ఒక్కపట్టున కొలత పని, లెక్క పని, వరస కాపాడే పని. కార్ల ఫ్యాక్టరీలో ఏ రంగు డోరు ఏ బండికి పోవాలో చూసే కంప్యూటరు చేసేదీ ఇట్లాంటి పనే. మనింట్లో దాన్ని అమ్మ చేసేది.

ఒక చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. పోవడానికి ఒక మీటరు చొప్పున లెక్కవేసినా 9 కిలోమీటర్లు. ఇంచుమించు ఇక్కడి నుంచి చెరువుగట్టు దాకా నడిచిపోయి తిరిగి వచ్చినంత దూరం, ఒక్క చెయ్యి ఎత్తి పట్టుకుని. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే 18,000 సార్లు. భుజం పోతుంది, మెడ పోతుంది, ఒకే చోట గుచ్చి చూసి కళ్ళు పోతాయి. తరాల తరబడి ఫ్లోరైడు నీళ్ళు తాగిన ఊళ్ళలో కీళ్ళ సంగతేమిటో మునుగోడు, మర్రిగూడ వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

చింతకింది మల్లేశం గారి కథ మీకు తెలుసు. 2019లో సినిమా కూడా వచ్చింది, ప్రియదర్శి వేశారు. ఆలేరు దగ్గర శారాజీపేట మగ్గాల ఇంట్లో పుట్టి, ఆరో తరగతితో బడి మానేసి, తల్లి లక్ష్మి ఆసు పోయలేక పడుతున్న బాధ చూసి 1992లో యంత్రం పనికి దిగారు. అది తేలింది 1999లో. తల్లి పేరుతో దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. బ్రిగేడియర్ గణేశం గారి పల్లెసృజన, నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ తోడయ్యాయి. పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ భాగం అందరూ చెబుతారు. ఏడేళ్ళు ఎందుకు పట్టింది అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. నాబోటి మెకానిక్‌కు కావలసింది అదే.

ఆసులో చేతి పనిని విడగొట్టి చూడండి. దారం ముందుకూ వెనక్కూ పోవాలి: ఇది తేలిక, కుట్టు మిషను సూదికి కూడా వచ్చు. మేకు దగ్గరికి వెళ్ళినప్పుడు దారం మేకును చుట్టి రావాలి: ఇది కొంచెం కష్టం. లెక్క ప్రకారం చుట్లు పడ్డాక మొత్తం వరస ఒక మేకు పక్కకు జరిగి, కచ్చితంగా అక్కడ ఆగి, మళ్ళీ పని మొదలుకావాలి: ఇది ఇంకో రకం. ఇవన్నీ ఒకదాని కాలు ఒకటి తొక్కకుండా ఒకే మోటారు మీద నడవాలి. మల్లేశం గారికి మిగతావి ఒక్కొక్కటిగా దొరికాయి గానీ, ఒక కదలిక మాత్రం ఏళ్ళ తరబడి చేతికి చిక్కలేదు. ఊళ్ళో అప్పులు, వేళాకోళాలు. హైదరాబాదుకు పోయి కరెంటు పనులు చేసుకుంటూ బతికారు. 1999 ఫిబ్రవరిలో బాలానగర్‌లో ఒక వర్క్‌షాపుకు పనికి పోయినప్పుడు, అక్కడ ఆడుతున్న ఒక యంత్రంలో తనకు కావలసిన కదలిక కళ్ళబడింది. అంతే, పని పూర్తయింది.

దీన్ని దైవఘటనగా చెప్పడం మనకు అలవాటైంది. నాకు ఆ చెప్పడం నచ్చదు. ఆ కదలిక బాలానగర్‌లో కనిపించడానికి కారణం ఉంది. అక్కడ దశాబ్దాలుగా లేత్‌లూ మిల్లింగ్ మిషన్లూ ఉన్న చిన్న షెడ్లు వందల్లో ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో 1968లో అక్కడే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టారు. జిగ్గులు, ఫిక్చర్లు, డైలు తయారుచేసే విద్య అక్కడి నుంచి సందుసందుకూ పాకింది. కొంచెం అవతల హెచ్‌ఎంటీ మెషిన్ టూల్స్ 1965లో వచ్చింది. ఒక్క పనికోసమే కట్టే ప్రత్యేక యంత్రాలు తయారుచేయడం దాని సొత్తు. ఆగి ఆగి జరిగే కదలిక ఆ పేటలో గాలిలో ఉంటుంది. చూడవలసింది ఏమిటో ఏడేళ్ళుగా తెలిసిన కన్ను అక్కడికి చేరింది. అంటే యంత్రం పుట్టడానికి ఇద్దరు కావలసి వచ్చింది: పని బాధ ఎరిగిన శారాజీపేట, కదలికలు ఎరిగిన బాలానగర్. వాళ్ళిద్దరినీ కలిపింది ఏ పథకమూ కాదు, పూట గడవక ఎక్కిన బస్సు. దానికి ఏడేళ్ళు పట్టడం మన చేతగానితనం, ఆయనది కాదు.

ఆగి ఆగి జరగడం అన్నాను కదా, అదేమిటో పిల్లల కోసం చెబుతాను. మోటారుకు తెలిసింది ఒక్కటే, ఆగకుండా గిరగిరా తిరగడం. పనికి కావలసింది మాత్రం జరగడం, ఆగడం, పని అయ్యేదాకా కదలకుండా ఉండడం, మళ్ళీ జరగడం. తిరిగే దాన్ని ఆగిఆగి జరిగేదిగా మార్చే పాత ఉపాయం ఒకటుంది. గాడులు కోసిన చక్రం ఒకటి, దాని పక్కన ఒక పిన్ను ఉన్న చక్రం ఇంకొకటి. పిన్ను చక్రం ఒక చుట్టు తిరిగేసరికి పిన్ను ఒక్కసారి గాడిలో దూరి గాడుల చక్రాన్ని ఒక మెట్టు జరిపి బయటికి వస్తుంది. మిగతా చుట్టంతా గాడుల చక్రం కట్టేసినట్టు నిలబడి ఉంటుంది. జెనీవా చక్రం అంటారు దీన్ని. రీళ్ళు ఉన్న రోజుల్లో టూరింగ్ టాకీసులో సినిమా చూసినవాళ్ళంతా దీని పని చూసినవాళ్ళే. సెకనుకు 24 బొమ్మలు, ప్రతి బొమ్మా వెలుగు ముందు క్షణం ఆగాలి, ఆగకపోతే తెర మీద అలుకుడు తప్ప రామారావు కనిపించడు. ఇప్పటికీ మందు సీసాలు నింపే యంత్రాల్లో, గుండ్రటి బల్ల మీద ముక్కల్ని ఒక్కో చోటికి తిప్పే రోటరీ యంత్రాల్లో ఇదో, దీని తోబుట్టువో ఉంటుంది. పొడుగాటి లైన్లలో ఇంకో పద్ధతి: వరసగా ఉన్న ముక్కలన్నింటినీ ఒక దూలం కింద నుంచి ఒక్కసారి లేపుతుంది, ఒక మెట్టు ముందుకు జరుపుతుంది, దించుతుంది, తాను ఖాళీగా వెనక్కి వస్తుంది. దించిన ముక్కలోకి కింద నుంచి మొలలు దూరి మిల్లీమీటరులో వందో వంతు తేడా లేకుండా బిగిస్తాయి. అప్పుడు గానీ బరమా దిగదు.

ఈ జరపడానికి పట్టే కాలం ఎవరి లెక్కలోకీ రాదు. ఒక చోట పని 20 సెకన్లు, జరపడం 5 సెకన్లు అనుకోండి. ముక్కకు 25 సెకన్లు, గంటకు 144 ముక్కలు. జరపడాన్ని 2 సెకన్లకు తెస్తే గంటకు 163. బరమా వేగం కొంచెం కూడా పెంచలేదు, కొత్త టూలు కొనలేదు, గంటకు 19 ముక్కలు ఎక్కువ వచ్చాయి. నేను పనిచేసిన చోట్ల యజమానులు లక్షలు పోసి జర్మనీ టూళ్ళు తెప్పించేవారు. ఒక మిషను నుంచి ఇంకో మిషనుకు ముక్కలు మోసే పిల్లవాడు ఎంత దూరం నడుస్తున్నాడని అడిగితే, అదేం ప్రశ్న అన్నట్టు చూసేవారు.

లైనులో ఇంకో చిక్కు ఉంది. ఎన్ని స్టేషన్లున్నా లైను మొత్తం అన్నిటికంటే నిదానపు స్టేషను నడకే నడుస్తుంది. సంక్రాంతికి పంతంగి టోల్ గేటు దగ్గర నిలబడ్డవాళ్ళకు ఇది వేరే చెప్పనవసరం లేదు, ముందు నాలుగు లైన్ల రోడ్డు ఖాళీగా ఉన్నా ఒకటే. ఇక స్టేషన్లన్నీ ఒకదానికొకటి గట్టిగా ముడిపడి ఉంటే, ఒక్కటి ఆగినా అన్నీ ఆగుతాయి. ఒక్కో స్టేషను నూటికి 99 పాళ్ళు సరిగ్గా పనిచేస్తుంది అనుకుందాం, చాలా మంచి యంత్రమే. అట్లాంటివి 20 కలిపితే లైను నూటికి 82 పాళ్ళే నడుస్తుంది.

ఇంగ్లండులో మోరిస్ మోటార్స్ వాళ్ళకు ఇది అనుభవంలోకి వచ్చింది. కోవెంట్రీలో ఇంజన్ల ఫ్యాక్టరీ చూసే ఫ్రాంక్ వులార్డ్ 1923–24 ప్రాంతంలో సిలిండర్ బ్లాకుల కోసం 181 అడుగుల పొడుగున్న యంత్రం ఒకటి కట్టించాడు. ఒక చివర పోత బ్లాకు పెడితే 53 పనులు జరుపుకుంటూ రెండో చివరకు చేరుతుంది. ఆలోచన ముప్పై ఏళ్ళు ముందుంది. దాన్ని నడిపే కంట్రోళ్ళు మాత్రం ఆ కాలపువే, నమ్మడానికి లేకపోయింది. చివరకు దాన్ని విడగొట్టి విడివిడి యంత్రాలుగా వాడుకున్నారు. నా లెక్క వేసి చూస్తే, 53 పనుల్లో ఒక్కోటి 99 పాళ్ళు నికరంగా ఉన్నా మొత్తం కలిసి నడిచేది 59 పాళ్ళే. అందుకే తర్వాతి వాళ్ళు లైనును ముక్కలు చేసి, ముక్కకూ ముక్కకూ మధ్య కొన్ని భాగాలు నిలవ ఉండే చోటు పెట్టారు. ముందు ముక్క పది నిమిషాలు ఆగినా వెనక ముక్క నిలవ తిని బతుకుతుంది. యాభై ఏళ్ళ కిందటి మంచి లైనుకూ ఇవాళ పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తీస్తున్న లైనుకూ ఈ లెక్క ఒకటే. రోబోలు వచ్చినంత మాత్రాన గుణకారం మారదు.

ఆగడం గురించి ఇంకో మాట. జపాన్‌లో సకిచి టయోడా అని ఒక వడ్రంగి కొడుకు. తల్లి మగ్గం మీద పడే కష్టం చూసి మగ్గాన్ని బాగుచేయడానికి పూనుకున్నాడని అక్కడ చెప్పుకుంటారు. 1890 ప్రాంతంలో చెక్క మగ్గంతో మొదలుపెట్టి, 1924లో జి రకం మగ్గం దాకా వచ్చాడు. నడుస్తుండగానే నాడె మారుతుంది, ఒక్క పోగు తెగినా తనంతట తానే ఆగిపోతుంది. ఆగడం తెలిసిన మగ్గం కాబట్టి ఒక్కో దాని దగ్గర ఒక్కో మనిషి కాపలా ఉండనక్కర్లేదు. ఆ మగ్గం హక్కుల్ని 1929లో ఇంగ్లండు ప్లాట్ బ్రదర్స్ కంపెనీకి లక్ష పౌండ్లకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ సొమ్ము సకిచి కొడుకు మొదలుపెట్టిన మోటారు కార్ల పనికి ఆసరా అయింది. అదే టయోటా. లోకమంతా ఇవాళ టయోటా పద్ధతి అని పాఠం చెప్పుకునే దాంట్లో, తప్పు కనబడగానే లైను ఆగాలనే సూత్రం నేరుగా ఆ మగ్గం నుంచి వచ్చింది. శారాజీపేట కథకూ ఈ కథకూ పోలిక నేను కొత్తగా చెప్పక్కర్లేదు. తేడా మాత్రం చెబుతాను: అక్కడ మగ్గం నుంచి ఫ్యాక్టరీకి దారి వేశారు, ఇక్కడ సన్మానం చేసి శాలువా కప్పాం.

ఇప్పుడు యంత్రాల చరిత్రను మా సారు కన్నుతో చూద్దాం. ఇంగ్లండు నౌకాదళానికి ఓడ తాళ్ళ గిలకలు లక్షల్లో కావలసివచ్చి, పోర్ట్స్‌మత్‌లో 1803 నుంచి 45 యంత్రాలు వరసగా పెట్టారు. 110 మంది పనివాళ్ళ పని 10 మంది చేశారు. 1808 నాటికి ఏడాదికి 1,30,000 గిలకలు. ప్రపంచంలో మొదటి వరస ఉత్పత్తి అని పుస్తకాల్లో రాస్తారు. కానీ ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి చెక్కను చేతులతోనే మోశారు. నూటపదేళ్ళ తర్వాత 1913లో డెట్రాయిట్ దగ్గర హైలాండ్ పార్కులో ఫోర్డు చేసింది ఆ మోతను తీసేయడమే. పనే మనిషి దగ్గరికి నడిచి వచ్చింది. ఒక కారు ఛాసిస్ కూర్చడానికి పన్నెండున్నర గంటలు పట్టేది 93 నిమిషాలకు దిగింది. మనుషులు మాత్రం ఆ లైను ముందు నిలవలేదు, వచ్చినవాళ్ళు వచ్చినట్టే పారిపోయారు. 1914 జనవరిలో రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించింది వాళ్ళను నిలబెట్టుకోవడానికే. ఫోర్డు దానగుణం అని చదివి మురిసిపోయేవాళ్ళు ఆ ముందు ఏడాది హాజరు పట్టీలు కూడా చూడాలి.

ఇంకో సంగతి, నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటేసేది. ఫ్యాక్టరీలో పనికి కుదిరిన మొట్టమొదటి రోబో 1961లో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీకి వచ్చింది, పేరు యూనిమేట్. అదేం చేసిందనుకున్నారు? చెక్కడమా, వెల్డింగా? అచ్చులో నుంచి కాలుతున్న పోత ముక్కను బయటికి తీసి పక్కన పెట్టింది. అంతే. దాన్ని కనిపెట్టిన జార్జ్ డెవోల్ 1954లో వేసిన పేటెంటు దరఖాస్తుకు రోబో అని కాదు, ప్రోగ్రాము ప్రకారం వస్తువుల్ని చేరవేయడం అని పేరు పెట్టాడు. మోతపనికి అంతకంటే మర్యాద ఎవరిచ్చారు!

ఇక మన రోడ్డు మీదికి వద్దాం. ఈ కూడలి నుంచి నల్లగొండ మీదుగా అద్దంకి వైపు పోతే దారిలో మిర్యాలగూడ. సాగర్ ఎడమ కాలువ వడ్లు, చుట్టూ రైసు మిల్లులు. లోపలికి పోయి చూడండి. వడ్లు గోతిలో పడతాయి. అక్కడి నుంచి బెల్టుకు డబ్బాలు కట్టిన ఎలివేటరు పైకి తోడుతుంది. చెత్త జల్లించే చోటికి, నానబెట్టే తొట్లకు, ఆవిరికి, డ్రయ్యరుకు, ఊక తీసే రబ్బరు రోళ్ళకు, పాలిషుకు, నూక వేరుచేసే జల్లెళ్ళకు, ఒక చోట కింద వదిలి ఇంకో చోట పైకి తోడి, గింజ ఎక్కడా మనిషి చేతికి తగలకుండా పోతుంది. చివర సార్టెక్సు మిషను: గింజలు జారుతుంటే కెమెరాలు చూస్తాయి, నల్లగింజ కనిపించగానే గాలి ఊది పక్కకు కొడుతుంది. కార్ల లైనుకు ఏమాత్రం తీసిపోదు.

ఆ డబ్బాల ఎలివేటరు ఎవరిదో తెలుసా? 1785లో అమెరికాలో డెలవేర్ దగ్గర ఆలివర్ ఎవాన్స్ అనే ఆయన పిండిమిల్లు కట్టాడు. నీటిచక్రం బలంతో డబ్బాల ఎలివేటర్లు, అడ్డంగా జరిపే మరలు, పిండిని ఆరబెట్టి ఒకచోటికి లాగే యంత్రపు పార. ఆ చివరి పని అంతకుముందు ఒక కుర్రవాడు పార పట్టుకుని చేసేవాడు. గోధుమ లోపలికి పోయాక పిండి పీపాలోకి వచ్చేదాకా ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. పక్క మిల్లుల వాళ్ళు మొదట నవ్వారు. జార్జి వాషింగ్టన్ మాత్రం అనుమతి తీసుకుని తన మిల్లులో పెట్టించుకున్నాడు. అక్కడ కూడా తిరగలి రాళ్ళు పాతవే, పిండి విసరడంలో కొత్త ఏమీ లేదు. మోసే పనిని తీసేశాడు, అంతే.

మరి మిర్యాలగూడ మిల్లులో మోసే పని పోయిందా? లోపల పోయింది. గేటు దగ్గర పోలేదు. వడ్ల లారీ వచ్చినప్పుడు, బియ్యం లారీ పోయేటప్పుడు వీపే దిక్కు. 25 టన్నుల లారీకి 50 కిలోల బస్తాలు 500. ఒకప్పుడు క్వింటాలు బస్తాలు మోయించారు. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మగవాడి మోతకు 55 కిలోలు హద్దు అని సిఫారసు చేసింది, మన బస్తా దానికి ఐదు కిలోలు తక్కువ, అంతమాత్రాన నడుము సంతోషించదు. ఇంతకుముందు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చేసేవారు, ఇప్పుడు బిహార్ నుంచి వచ్చినవాళ్ళు చేస్తున్నారు. నల్లగింజను గాలితో కొట్టే కెమెరాకు డబ్బు పెట్టిన మిల్లు, బస్తాను లారీ ఎక్కించే బెల్టుకు పెట్టడానికి వెనకాడుతుంది.

దీనికి కారణం యంత్రవిద్యలో కొంత ఉంది, ఒప్పుకుంటాను. మిల్లు లోపల గింజ ఎప్పుడూ ఒకే దారిన పోతుంది. లారీ ఎత్తు ఒకటి కాదు, నిలిపే చోటు ఒకటి కాదు, బస్తా మెత్తగా ఉండి జారిపోతుంది. యంత్రం ముందుగా అడిగేది ప్రతిసారీ ఒకే చోటు, ఒకే వాటం. గేటు దగ్గర అది దొరకదు. కానీ ఎత్తు సర్దుకునే బెల్టులు సిమెంటు ఫ్యాక్టరీలలో ఎప్పటి నుంచో వాడుతున్నారు, అవి కూడా యాభై కిలోల బస్తాలే. మన జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీలకు కొదవ కూడా లేదు. కాబట్టి అడ్డుపడేది యంత్రవిద్య కాదు, కూలి లెక్క. బస్తాకు ఇంత అని ఇచ్చే కూలి బెల్టు వాయిదా కంటే తక్కువగా ఉన్నన్నాళ్ళూ బెల్టు రాదు. నల్లగింజ ఉంటే బియ్యం ధర తగ్గుతుంది, కాబట్టి కెమెరా వచ్చింది. నడుము విరిగితే ధర తగ్గేది ఏదీ లేదు.

ఆసు లెక్క ఇంకా విచిత్రం. హమాలీకి తక్కువైనా కూలి ఉంది. ఆసు పోసే ఆడమనిషికి చాలా ఇళ్ళలో కూలే లేదు, ఇంటి పనిలో కలిపేశారు. చీర ఖరీదు కట్టేటప్పుడు పట్టు ఇంత, రంగు ఇంత, నేత ఇంత అని రాస్తారు. నాలుగైదు గంటల ఆసుకు కాగితంలో గడి ఉండదు. ఇప్పుడు బ్యాంకు అధికారి ముందుకు ఆసు యంత్రం దరఖాస్తు తీసుకుపోండి. ఈ యంత్రం వల్ల ఎంత ఖర్చు మిగులుతుంది అని అడుగుతాడు. కాగితం మీద ఆసు ఖర్చు సున్నా, కాబట్టి మిగులు కూడా సున్నా. లెక్కలో లేని కష్టాన్ని తగ్గించే యంత్రానికి లెక్కలో లాభం కనిపించదు. మల్లేశం గారికి బ్యాంకులో అప్పు పుట్టకపోవడానికి ఆయన చదువు తక్కువ కావడం ఒక్కటే కారణమని నేను అనుకోను. యంత్రం పెట్టుకున్న ఇల్లు రోజుకు ఇంకా ఎక్కువ చీరల ఆసు పోసుకోగలిగింది, పక్కింటివాళ్ళకూ పోసి డబ్బు తీసుకోగలిగింది. అప్పుడు ఆసుకు ధర వచ్చింది, అంటే యంత్రం వచ్చాకనే అది పని అని తేలింది.

ఇక్కడ ఒకరు లేచి, మరమగ్గం వచ్చి మగ్గాన్ని తినేసింది కదా, చిట్కి బొమ్మను ప్రింటు కొట్టి సగం ధరకు అమ్ముతున్నారు కదా, మీరు యంత్రాన్ని మెచ్చుకుంటారేమిటి అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ప్రింటు యంత్రం చిట్కి కట్టే చేతినీ నేసే చేతినీ రెంటినీ పక్కకు నెట్టి, పోలిక మాత్రం అమ్ముకుంటుంది. ఆసు యంత్రం మధ్యలో ఉన్న మోతను ఒక్కదాన్నే తీసుకుని, ముందున్న గ్రాఫునూ వెనకున్న నేతనూ వాళ్ళ చేతుల్లోనే ఉంచింది. పోచంపల్లికి భౌగోళిక గుర్తింపు ఉంది, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. ఆసు యంత్రం వాడినందువల్ల ఆ పేరుకు వచ్చిన నష్టమేమీ లేదు. ఒక యంత్రాన్ని మెచ్చాలా వద్దా అని అడిగే ముందు అది వరసలో ఏ పనిని తీసుకుందో చూడమంటాను. అయితే కూలికి ఆసు పోసి బతికిన ఒంటరి ఆడవాళ్ళు కొందరు ఉండేవారు, వాళ్ళకు ఆ పూట కూలి పోయింది. వాళ్ళ సంగతి ఏ సన్మాన పత్రంలోనూ లేదు, కాబట్టి ఇక్కడ అచ్చుకు పోయే ఈ ఉపన్యాసంలోనైనా ఉండనివ్వండి.

ఐటీఐ పిల్లలకు, పాలిటెక్నిక్ పిల్లలకు ఒక పని చెప్పి ముగిస్తాను. ప్రాజెక్టు అనగానే నెట్‌లో దొరికిన రోబో చెయ్యి బొమ్మను దించి, బాటరీ పెట్టి, మూత తీసి మూత పెట్టే ఆట చూపిస్తున్నారు. అది వద్దు. మీ ఊళ్ళో ఒక పనిచోటు పట్టుకోండి. చిట్యాల వైపు పాల కేంద్రమో, ఇటుక బట్టీయో, పత్తి మిల్లో, మీ ఇంటి మగ్గమో. ఒక పూటంతా కూర్చుని ఏ వస్తువు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయింది, ఎవరు మోశారు, ఎంత ఎత్తు లేపారు, ఎన్నిసార్లు వంగారు అన్నది రాయండి. యంత్రం బొమ్మ గీయవద్దు, అది రెండో సంవత్సరం పని. మొదటి సంవత్సరం ఆ పట్టీ చాలు. ఆ పట్టీతో బాలానగర్‌కు పోతే, మీకు కావలసిన కదలిక ఏ షెడ్డులో ఆడుతుందో చూపించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేను కూడా వస్తాను, మోకాళ్ళు సహకరిస్తే.

మిల్లుల యజమానులు ముందు వరసలో ఉన్నారు. ఇందాక బెల్టు గురించి అన్నమాటకు వాళ్ళ మొహాలు చూశాను. ఇప్పుడు ప్రశ్నల సమయం. ముందుగా వాళ్ళనే మాట్లాడమని కోరుతున్నాను: లారీకి బస్తాలెక్కించే బెల్టు ధర ఎంత, ఏడాదికి మీరిచ్చే హమాలీ కూలి ఎంత, రెండంకెలూ మైకులో చెప్పండి.